మెడల్ అంచు మీద ‘హైదరాబాద్’ అని ఉంది, మరి మా ముత్తాత నిజాం సిపాయా, ఇంగ్లీషోళ్ల సిపాయా?

హుజూరాబాద్ దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల తాతకు తండ్రి ‘లడాయికి పోయి సముద్రం దాటి వచ్చిండు’ అని ఇంట్లో చెప్పుకుంటారట. సాక్ష్యం దేవుని గూట్లో ఉన్న ఒక గుండ్రటి బిల్ల. ఒక వైపు రాజు తలకాయ, ఇంకో వైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి, 1914, 1918 అనే అంకెలు. అంచు చుట్టూ సన్నటి ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. అందులో ‘హైదరాబాద్’ అన్న మాట ఒక్కటే చదవగలిగారు. అడిగినవి మూడు. ఆయన ఎవరి కొలువు చేసినట్టు? ఆయన వివరాలు ఎక్కడ దొరుకుతాయి? చిన్నాయన ఒకసారి ‘రజాకారు’ అని, ఒకసారి ‘తెల్లోళ్ల ఊడిగం చేసినోడు’ అని అంటాడు కదా, అందులో ఏది నిజం?

నా గురించి ఒక్క మాట. మిలిటరీలో క్లర్కుగా 24 ఏళ్లు చేశాను, సగానికి పైగా రికార్డ్ ఆఫీసులోనే. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. ఉర్దూ మా బాపు దగ్గర నేర్చుకున్నాను, ఆయనది నిజాం కాలపు చదువు. ఈ రెండూ తెలిసిన మనిషి అని ఎవరో ఒకరు పాత బిల్లలూ కాగితాలూ పట్టుకుని వస్తుంటారు. ఇప్పటికి నలభై ఇళ్ల వరకు చూసి ఉంటాను.

సూటిగా జవాబు: తమ్మీ, 1914-18 నాటి బిల్ల మీద ‘హైదరాబాద్’ అని ఉంటే, దాదాపుగా మీ ముత్తాత నిజాం జీతం తిన్న మనిషే. ‘హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్’ అనే గుర్రపు దళంతో ఈజిప్టు, పాలస్తీనా వైపు పోయి వచ్చి ఉంటాడు. జీతం నిజాంది, యుద్ధంలో హుకుం ఇంగ్లీషు జనరల్‌ది. రజాకారు మాత్రం కాదు. ఇక ఆయన ఈటె పట్టిన సవారా, గుర్రానికి గడ్డేసిన సాయిసా అన్నది అంచు మీద పేరుకు ముందున్న మాట చెబుతుంది.

అంత ధైర్యంగా ఎట్లా చెబుతున్నానంటే, ఆ యుద్ధం నాటికి ఇంగ్లీషు వాళ్ల ఇండియన్ ఆర్మీలో మన సిపాయిల పటాలాల్లో దేనికీ ‘హైదరాబాద్’ అనే పేరు లేదు. అంతకు ముందు ఉండేది. తర్వాత మళ్లీ వచ్చింది. సరిగ్గా ఆ మధ్యలో లేదు. ఈ ముక్క తెలియకే చాలామంది దారి తప్పుతారు. నేనూ ఒకసారి తప్పాను, అది కూడా చెబుతాను.

ముందు బిల్ల సంగతి. దాన్ని తోమకు. చింతపండు, ముగ్గుపిండి, పళ్లపొడి ఏదీ వద్దు. దసరాకు దేవుని సామాన్లతో పాటు దీన్నీ తోమి తోమి అక్షరాలు పోగొట్టిన ఇళ్లు నేను చాలా చూశాను. రాజు ముఖం పోయినా నష్టం లేదు, ఆ ముఖం లక్షల బిల్లల మీద ఉంది. మీ ముత్తాత పేరు ఆ ఒక్క అంచు మీదే ఉంది.

చదివే పద్ధతి చెబుతాను. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము మాత్రం దులుపు. సుద్దముక్క పొడి వేలికి అద్దుకుని అంచు మీద రాస్తే అక్షరాల గాళ్లలోకి పోతుంది. పైన మిగిలింది గుడ్డతో తుడిచెయ్యి. చీకటి గదిలో సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి పడేలా పెట్టి, బిల్లను బండి చక్రంలాగా మెల్లగా దొర్లించు. వరుస దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: నంబరు, హోదా, పేరు, దళం. గుర్రపు దళమైతే మామూలు సిపాయిని ‘సవార్’ అంటారు, ఆ పైవాడు ‘దఫేదార్’. కాల్బలంలో అయితే సిపాయి, నాయక్, హవల్దార్. జమాదారు, సుబేదారు అంటే ఇంకా పెద్దవాళ్లు. పేరు మాత్రం నీకు తెలిసినట్టు ఉండదు, ముందే మనసుకు చెప్పుకో. మన పేర్లను చెవితో విని ఇంగ్లీషులో రాసినవాడు తెలుగు రానివాడు. నర్సయ్య నర్సియా అవుతాడు, ఎల్లయ్య అలియా అవుతాడు. మా దగ్గరికి వచ్చిన ఒక ‘రాజ్ మొహమ్మద్’ చివరికి రాజమల్లు అని తేలాడు.

తర్వాత లోహం చూడు. కంసాలి దగ్గర అడిగినా చెబుతాడు. సిపాయిలకు ఇచ్చింది వెండి బిల్ల, రెండు తులాల పైచిలుకు తూగుతుంది. లేబర్ దళాల వాళ్లకు, సాయిసుల్లాంటి ఫాలోయర్లకు (ఫౌజు వెంట పనులకు పోయేవాళ్లకు) ఎక్కువగా అదే బొమ్మతో కంచు బిల్ల ఇచ్చారు. వెండిని కరిగించుకుంటారు, అందుకే ఆ బిల్లలు తక్కువ మిగిలాయి, కంచువే ఇళ్లల్లో ఎక్కువ కనబడతాయి. జగిత్యాల దిక్కు ఒక ఇంట్లో వెండి బిల్లను కరిగించి మనుమరాలికి పట్టగొలుసులు చేయించారు. ఆ అమ్మాయికి ఇప్పుడు డెబ్బై ఏళ్లు. గొలుసులు తెచ్చి నా ముందు పెట్టి ‘సారూ, ఇండ్ల మా తాత పేరు సదువరాదా’ అని నవ్వింది.

ఇంకొకటి. ఆ యుద్ధానికి పోయినవాళ్లకు సాధారణంగా దీంతో పాటు రెక్కలున్న ఆడమనిషి బొమ్మ ఉన్న పసుపు రంగు బిల్ల కూడా వస్తుంది. 1915 ముగిసేలోపే యుద్ధరంగం చేరినవాళ్లకు ఒక నక్షత్రం కూడా. మీ ఇంట్లో ఒక్కటే ఉందంటే మిగతావి పాలివాళ్ల ఇంట్లో ఉండొచ్చు. పొలం పంచుకున్నట్టే వీటినీ పంచుకుంటారు మనవాళ్లు.

ఇప్పుడు ఆయన ఎక్కడెక్కడ తిరిగి ఉంటాడో చెబుతాను. 1880ల చివర్లో ఇంగ్లీషు ప్రభుత్వం సంస్థానాలతో ఒక ఏర్పాటు చేసుకుంది. రాజులు తమ ఖర్చుతో కొన్ని దళాలను ఆర్మీ పద్ధతిలో తయారు చేసి ఉంచాలి, యుద్ధం వస్తే పంపాలి. వీటికే ఇంపీరియల్ సర్వీస్ దళాలని పేరు. అఫీసర్లు కూడా మనవాళ్లే, పైన సలహాకు ఒకరిద్దరు తెల్ల అఫీసర్లు. 1914లో యుద్ధం రాగానే హైదరాబాద్, మైసూరు, పటియాలా లాన్సర్లను పోగేసి 15వ ఇంపీరియల్ సర్వీస్ గుర్రపు బ్రిగేడ్‌గా ఈజిప్టు పంపారు. (జోధ్‌పూర్ వాళ్లు మొదట ఫ్రాన్సు పోయి, 1918లో వచ్చి కలిశారు.) 1915 మొదట్లో తుర్కీ సైన్యం సూయజ్ కాలువ మీదికి వస్తే ఆ కాపలాలో ఉన్నారు. తర్వాత సినాయి ఎడారి, పాలస్తీనా, 1918 ఎండాకాలమంతా జోర్డాన్ లోయ. రామగుండం ఎండలకు అలవాటు పడ్డవాణ్ణి కూడా కుంగదీసే లోయ అది, సముద్రమట్టానికి కిందుగా ఉంటుంది. దోమలు, మలేరియా వేరే.

ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర ముగ్గురు సిపాయిల విగ్రహాలు ఉన్నాయి కదా. ఆ ముగ్గురూ హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల వాళ్లే. 1922లో పెట్టారు. అంటే ఆ మూడింట్లో ఒక విగ్రహం మీ ముత్తాత దళానిది. ఆ చౌరస్తాకు 2018లో హైఫా పేరు కూడా కలిపారు. దాంతో వాట్సాప్‌లో ‘మన హైదరాబాద్ సిపాయిలు హైఫా కోట పట్టారు’ అని తిరుగుతోంది. ఇది సగం నిజం. 1918 సెప్టెంబర్ 23న హైఫా మీదికి గుర్రాలతో దూకింది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. మనవాళ్లది అదే బ్రిగేడ్, అదే దండయాత్ర, కానీ ఆ దూకుడులో లేరు. మీ ఇంట్లో హైఫా మాట ఎప్పుడూ వినబడకపోతే అదే నిజాయితీ గల జ్ఞాపకం. కొత్తగా అతికించకు.

ఇక పేరు గోల. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల వాళ్ల తంటాలన్నీ ఇక్కడే.

‘హైదరాబాద్’ అనే పేరు వేర్వేరు కాలాల్లో వేర్వేరు ఫౌజులకు ఉంది. మొదటిది హైదరాబాద్ కాంటింజెంట్. 1810లలో రెసిడెంటుగా (నిజాం దర్బారులో ఇంగ్లీషు వాళ్ల ప్రతినిధిగా) ఉన్న హెన్రీ రసెల్ పెంచిన బలగం. బొల్లారం దాని కేంద్రం. అఫీసర్లు తెల్లవాళ్లు, తలబు (అంటే జీతం) ఇవ్వాల్సింది మాత్రం నిజాం. ఆ తలబు బాకీల కిందనే 1853లో బేరార్ (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు) ఇంగ్లీషు చేతికి పోయింది. 1902లో వైస్రాయి కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు బేరార్‌ను శాశ్వత కౌలుకు తీసుకుని, కాంటింజెంట్‌ను ఇండియన్ ఆర్మీలో కలిపేశాడు. అప్పుడు పేర్లు మారాయి: దక్కన్ హార్స్, రసెల్స్ ఇన్‌ఫాంట్రీ, బేరార్ ఇన్‌ఫాంట్రీ, దక్కన్ ఇన్‌ఫాంట్రీ. చూశావా, ‘హైదరాబాద్’ మాయమైంది. నీ బిల్ల ఈ కాలపుది.

1922లో మళ్లీ పేర్లు మార్చి, ఆ కాల్బలాన్నే ‘19వ హైదరాబాద్ రెజిమెంట్’ అన్నారు. పేరు మనది, మనుషులు ఎక్కువగా కుమావూ కొండల వాళ్లు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంట్ అయింది, ఇప్పటికీ అదే, కేంద్రం రాణీఖేత్. దీనికి పక్కనే నిజాం సొంత ఫౌజు ఒకటి వేరుగా ఉంది, దానిలో ‘1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ’. రెండూ ఒకటి కాదు. చాలనట్టు సింధులో ఇంకో హైదరాబాద్ ఉంది.

నేను తప్పింది ఇక్కడే. పరకాల దిక్కు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల పెద్దాయన 1941లో మలయా (ఇప్పటి మలేషియా) పోయి తిరిగి రాలేదు. కాగితంలో ‘హైదరాబాద్’ అని ఉంది. నాకు ఇండియన్ ఆర్మీ రికార్డులే తెలుసు కాబట్టి, కళ్లు మూసుకుని ‘19వ హైదరాబాద్, అంటే కుమావూ, రాణీఖేత్‌కు రాయండి’ అన్నాను. రాశారు. ఎదురుచూశారు. ‘ఈ నంబరుతో మా దగ్గర ఎవరూ లేరు’ అని జవాబు. మళ్లీ రాశారు. ఏడాది గడిచింది. ఆ ఇంటి పెద్దమ్మ అప్పటికే మంచంలో ఉంది, తండ్రి ఎక్కడ చనిపోయాడో వింటే చాలన్నది ఆమె కోరిక. నేను మళ్లీ కూర్చుని చదివితే తల తిరిగింది. మలయాలో రెండు ‘హైదరాబాద్’లూ ఉన్నాయి! 19వ రెజిమెంట్ 4వ బెటాలియన్ ఒక చోట, నిజాం 1వ ఇన్‌ఫాంట్రీ కోటా భారులో ఎయిర్‌ఫీల్డ్ కాపలాకు. 1941 డిసెంబర్ 7-8 రాత్రి జపాన్ సైన్యం దిగింది ఆ కోటా భారు ఒడ్డునే. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి కాసేపు ముందే. పెద్దాయన నిజాం పటాలం మనిషి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైట్‌లో నిజాం పటాలం పేరు పెట్టి వెతికితే పదిహేను నిమిషాల్లో దొరికాడు. సింగపూర్‌లో క్రాంజీ దగ్గర స్మారకం గోడల మీద, సమాధి తెలియని 24,000 మందికి పైగా పేర్లున్న చోట, ఆయన పేరుంది. ప్రింటు తీసుకుని నేనే పరకాల పోయాను. పెద్దమ్మ నెల కిందే పోయింది.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ సంవత్సరం? సంవత్సరం తెలియకుండా ‘హైదరాబాద్’ అన్న మాటకు అర్థం లేదు.

నీకు ఇంకో అనుమానం రావాలి, రాలేదంటే నేనే లేవనెత్తుతాను. నిజాం లాన్సర్లలో ఎక్కువమంది ముస్లింలు. మన పల్లెల బీసీ, ఎస్సీ ఇళ్ల నుంచి సవార్లుగా చేరినవాళ్లు అరుదు. మరి హుజూరాబాద్ పల్లెటూరి మనిషి అందులో ఎట్లా పడ్డాడు? గుర్రపు దళం అంటే ఈటెలు పట్టినవాళ్లే కాదు. సాయిసులు, గడ్డి కోసేవాళ్లు, తోలుసంచితో నీళ్లు మోసే భిస్తీలు, వంటవాళ్లు, కంచర గాడిదల వాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు ఉంటారు. వీళ్లనే ఫాలోయర్లంటారు. వాళ్లూ ఓడ ఎక్కారు, వాళ్లకూ జ్వరాలు వచ్చాయి, వాళ్లమీదా గుండ్లు పడ్డాయి. చరిత్రలో వీళ్ల మాట ఒక లైనుకు మించి ఉండదు.

మన దగ్గర ఒకరికి మాత్రం పెద్ద గుర్తే మిగిలింది. లష్కర్ బోనాలు ఎట్లా మొదలయ్యాయంటారు? సికింద్రాబాద్ ఫౌజులో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయిని బదిలీ మీద పోయాడు. కలరా తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలుపుతానని అమ్మవారికి మొక్కుకున్నాడు. తిరిగొచ్చి 1815లో ఉజ్జయిని మహంకాళిని నిలిపాడు. డోలీ మోసినవాడు అంటే ఫాలోయరే. సికింద్రాబాద్‌ను మనం ఇప్పటికీ లష్కర్ అంటున్నామంటే అది ఆ కంటోన్మెంట్ మాటే.

ఒక పక్కదారి పడతాను, క్షమించు, కానీ ఇది చెప్పకుండా ఉండలేను. ఉత్తరాదిలో ఒకప్పుడు సిపాయికి పేరే ‘తిలంగా’. 1756లో క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్ పోయినప్పుడు వెంట తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఉండటంతో, ఎర్రకోటు తొడిగిన ప్రతివాడూ అక్కడి జనానికి తిలంగా అయ్యాడు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ అవధ్ బ్రాహ్మణ సిపాయిలనూ ఉర్దూలో తిలంగాలనే రాశారు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత ముప్పై, నలభై ఏళ్లకు ఇంగ్లీషు వాళ్లే ‘యుద్ధజాతులు’ అనే లెక్క ఒకటి తీసి, తెలుగువాళ్లు యుద్ధానికి పనికిరారని మద్రాసు పటాలాల్లో చేర్చుకోవడం తగ్గించుకుంటూ పోయారు. మన పేరు పెట్టుకున్న ఉద్యోగానికి మనమే పనికిరాకుండా పోయాం. (ఆ తిలంగాలు ఎక్కువగా కోస్తా సర్కారు జిల్లాల వాళ్లు, మన ఓరుగల్లు వాళ్లు కాదు. అయినా పేరు పేరే.)

ఇక చిన్నాయన మాటలు. రజాకారు అన్నది సంవత్సరాలతోనే కొట్టుకుపోతుంది. రజాకార్లు ఖాసిం రజ్వీ నడిపిన వాలంటీర్ దళం, 1940లలో పెరిగింది, 1948 సెప్టెంబర్ పోలీసు చర్యతో పోయింది. నిజాం ఫౌజు వేరు, జీతం, నంబరు, పెన్షను ఉన్న సైన్యం. మీ ముత్తాత 1918 మనిషి. కానీ చిన్నాయన నోట ఆ మాట ఊరికే రాలేదు. 1948 తర్వాత మన ఊళ్లల్లో ‘నిజాం ఫౌజు’ అనే మాట ఇంట్లోంచి బయటికి రానివ్వలేదు. కాగితాలు కాల్చేశారు, ఫొటోలు గోడ మీది నుంచి తీసేశారు. నేను చూసిన ఇళ్లల్లో సగం ఇళ్లల్లో బిల్ల దొరికింది ధాన్యం గుమ్మిలోనో, ట్రంకు పెట్టె అడుగునో. మీ వాళ్లు దేవుని గూట్లో పెట్టారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది.

తెల్లోళ్ల ఊడిగం అన్నదానికి నేను అవునని గానీ కాదని గానీ చెప్పను, నాకు తెలిసింది చెబుతాను. ఆ యుద్ధం మొదలైనప్పుడు ఇండియన్ ఆర్మీ సిపాయికి నెలకు 11 రూపాయలు. నిజాం రాజ్యంలో అప్పుడు రెండు రూపాయలు నడిచేవి. మన హాలీ సిక్కా, ఇంగ్లీషు వాళ్ల కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు మారకం. దొర గడిలో వెట్టికి పైసా రాని రోజుల్లో, నెల తిరిగేసరికి చేతిలో రూపాయలు పడతాయంటే ఎవరి జెండా కింద అని అడిగే తీరిక ఎంతమందికి ఉంటుంది? ఇది సమర్థన కాదు, లెక్క.

ఇంకో వైపు చూడు. 1857 జూన్‌లో ఔరంగాబాద్‌లో ఉన్న కాంటింజెంట్ గుర్రపు దళం, మమ్మల్ని ఢిల్లీ మీదికి తీసుకుపోతారా అని ఎదురు తిరిగింది. దొరికినవాళ్లను చంపేశారు. తప్పించుకుని హైదరాబాద్ వచ్చిన జమాదారు చీదా ఖాన్‌ను పట్టి రెసిడెన్సీకి అప్పగిస్తే, ఆయన్ని విడిపించాలనే జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠి రెసిడెన్సీ మీద దాడి చేశారు. అదే కాంటింజెంట్‌లోని మిగతా పటాలాలు 1858లో ఇంగ్లీషు జనరల్ హ్యూ రోజ్ వెంట నడిచి ఝాన్సీ మీద యుద్ధం చేసి బిల్లలు తెచ్చుకున్నాయి. ఒకే ఫౌజు, ఒకే తలబు. నిర్మల్ మర్రిచెట్టుకు ఇంగ్లీషు వాళ్ల మీద తిరగబడ్డ రాంజీ గోండును, ఆయన మనుషులను వేలాడదీసిన రోజున తాళ్లు పట్టుకున్న చేతుల్లో తెల్ల చేతులు ఎన్ని ఉంటాయనుకుంటున్నావు? కాబట్టి ‘సిపాయి అంటే ద్రోహి’ అని ఒకరు, ‘సిపాయి అంటే వీరుడు’ అని ఇంకొకరు అంటే, ఏ సిపాయి, ఏ ఏడు అని అడుగుతాను. పాలస్తీనాలో గుర్రాలు కాసినవాణ్ణి ఈ రెండింట్లో దేంట్లో వేస్తారో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు వెతకడం ఎట్లా అన్నది.

మీ ముత్తాత తిరిగొచ్చాడు కాబట్టి యుద్ధ సమాధుల వెబ్‌సైట్ నీకు పనికిరాదు, అది చనిపోయినవాళ్లది. ఆయనతో పోయి రానివాళ్ల పేర్లు కావాలంటే ఈజిప్టులో హీలియోపొలిస్ (పోర్ట్ తౌఫీక్) స్మారకం కింద వెతుకు. ఈజిప్టు, పాలస్తీనాల్లో పోయిన దాదాపు 4,000 మంది భారతీయుల పేర్లున్నాయి. లండన్‌లో సర్వీసు కాగితాలు తెప్పిస్తామని డబ్బులడిగేవాళ్లుంటారు, ఇవ్వకు. అక్కడ దొరికేవి ఎక్కువగా అఫీసర్లవి. మామూలు సిపాయి కాగితాలు ఇక్కడి రెజిమెంట్లలో ఉండేవి, నిజాం సిపాయివైతే నిజాం దఫ్తర్లలో.

నీకు దారి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. నిజాం కాలపు దస్త్రాలు అక్కడ ఉన్నాయి, ఫార్సీ, ఉర్దూలో. పోయేముందు మూడు సంగతులు తెలుసుకుని పో. ఒకటి, తేదీలు ఫస్లీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్క దగ్గరికి వస్తుంది. 1914 యుద్ధం కావాలంటే 1323, 1324 ఫస్లీ చూడాలి. ఏడాది అక్టోబర్ మొదట్లో ఆజర్ నెలతో మొదలవుతుంది కాబట్టి ఒక ఏడు అటూ ఇటూ అవుతుంది. రెండు, జిల్లా పేరు. కరీంనగర్ జిల్లా అన్నది 1905 నుంచి, అంతకు ముందు ఎల్గందల్. ఆయన 1905కు ముందే చేరి ఉంటే చిరునామా ఎల్గందల్ జిల్లా అనే రాసి ఉంటుంది. మూడు, ఇంటిపేరు కోసం వెతకకు, ఉండదు. ‘మల్లియా వల్ద్ రాజియా, సాకిన్ మౌజా ఫలానా’ అని ఉంటుంది. వల్ద్ అంటే కొడుకు, సాకిన్ అంటే నివాసి, మౌజా అంటే ఊరు. కాబట్టి ఆయన తండ్రి పేరు, ఊరి పాత పేరు తెలియకుండా పోతే ఉత్త చేతులతో వస్తావు. రాత షికస్తాలో, అంటే గొలుసుకట్టు ఉర్దూ రాతలో ఉంటుంది, బడిలో ఉర్దూ నేర్చుకున్నవాళ్లకు కూడా అంత తొందరగా కొరుకుడు పడదు. చదివే మనిషిని వెంట తీసుకుపో.

చివరగా ములుగు దిక్కు ఒక ఇంటి సంగతి. మీది చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. ఎనభై దాటిన పెద్దమనిషి బిల్ల తెచ్చాడు. ఇంట్లో మూడు తరాలుగా ‘మా తాత కత్తి పట్టుకుని గుర్రం మీద దునికేటోడు’ అని చెప్పుకుంటున్నారు. వంటింటి బల్ల మీద సుద్దపొడి రాసి దొర్లించాను. అంకెలు వచ్చాయి. తర్వాత నాలుగు అక్షరాలు, సాయిసు అని. బిల్ల కంచుది. చెప్పాలా వద్దా అని ఒక నిమిషం టెన్షన్ పడ్డాను. చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘గందుకేనా సారూ! ఊళ్లె ఎవ్వరి బర్రె ఈనలేకున్నా, ఎవ్వరి ఎద్దుకు రోగమొచ్చినా అర్ధరాత్రి మా తాతనే పిలుచుకపోయేటోళ్లు. గా ఇలం ఏడ నేర్చిండో మాకెరుక లేకుండె’ అన్నాడు.

అందుకని నువ్వు ఆర్కైవ్స్‌కు పోయే ముందు రెండు పనులు చెయ్యి. అంచు మొత్తం ఒకే ఫొటోలో రాదు, ఏడెనిమిది ముక్కలుగా తీసి వరుసలో ఇక్కడ పెట్టు, చదివి చెబుతాను. ఇంట్లో అవ్వ గానీ మేనత్త గానీ ఉంటే, లడాయి సంగతి అడగకు, దానికి అందరూ చెప్పిందే చెబుతారు. ఆయన తిరిగొచ్చినంక ఊళ్లో ఏం పని చేసేటోడు, దేనికోసం ఆయన్ని పిలిచేటోళ్లు అని అడుగు.